సముద్రం పుచ్చుకునే చోటు

భిలాయిలో సూర్యావతి అని అడిగితే మనకి ముగ్గురు నలుగురు సూర్యావతులు తగులుతారు. ఈత సూర్యావతి అంటే మాత్రం ఒక్కతే. ఆ పేరు మొదట వెటకారానికి పెట్టినదే. ఆవిడ దాన్ని బిరుదు కింద పుచ్చుకుంది. గజపతినగరం పక్క పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ చదువుతోనే ఉక్కు కర్మాగారం స్టోర్సులో ఉద్యోగం చేసింది, చీర కుచ్చిళ్ళు దోపి సైకిలు మీద డ్యూటీకి వెళ్ళింది, హిందీలో ఆఫీసర్లతో వాదించి నెగ్గింది. క్వార్టరు వెనక గజం నేలలో ఆనప పాదు పెట్టి వీధి వీధంతా కాయలు పంచింది. ఇవన్నీ అడిగినా అడక్కపోయినా ఆవిడే చెప్తుంది. చేసినవాళ్ళు చెప్పుకోకపోతే, చెయ్యనివాళ్ళు చెప్పుకుంటారని ఆవిడ వాదం.

వీటన్నిటినీ మించిన పని ఆవిడ చేసింది ఇంకొకటి ఉంది. అది సముద్రపు ఒడ్డున చేసింది. సముద్రానికి అంత దూరాన, ఇనుమూ బొగ్గూ సున్నపురాయీ తప్ప మరొకటి కనపడని భిలాయిలో కాపురముంటూ సముద్రంతో ఆవిడకి తగువేమిటంటే, గురునాథరావు దగ్గర మొదలుపెట్టాలి.

గురునాథరావు సూర్యావతి భర్త. బ్లాస్ట్ ఫర్నేసులో పని. పగలంతా నిప్పు దగ్గర నిలబడే మనిషికి నీళ్ళంటే ప్రాణం. నందిని గనుల దగ్గర సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతుల్లో వానాకాలం నీళ్ళు నిలిస్తే, ఈ అంచున దూకి ఆ అంచున తేలేవాడు. వరదలో ఉన్న శివనాథ్ నదిని ఈదాడు. టౌన్‌షిప్పు ఈత పోటీల్లో అతను తెచ్చిన కప్పులు పెట్టడానికి గూడు చాలక, రెండు కప్పుల్లో సూర్యావతి మెంతులూ జీలకర్రా పోసుకుంది.

అతని అన్నగారు పార్థసారథి రైల్వేలో పని చేసేవాడు. భిలాయి-3లో స్టేషను పక్కనే ఇల్లు. పెద్దమనిషి, దేవుడి పనంటే ముందుండేవాడు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలని కూడగట్టి, ఏటా మాఘ పున్నమికి సముద్ర స్నానానికి తీసుకువెళ్ళేవాడు. రైలు టిక్కెట్ల దగ్గర్నుంచి పులిహోర డేగిసాల దాకా అన్నీ ఆయనే చూసేవాడు. భీమిలి దాటాక ఒక జాలరిపేట ఉంది, ఆ ఒడ్డుకే ప్రతిసారీ వెళ్ళేవారు.

స్నానం ఏ చోట చెయ్యాలన్నది పార్థసారథి పువ్వులని చూసి తేల్చేవాడు. పసుపు, కుంకుమ, బంతిపూలు ఆకుదొప్పలో పెట్టి నీళ్ళలో వదిలేవారు. చాలా చోట్ల కెరటం ఆ దొప్పని తిరిగి తెచ్చి ఇసకలో పడేస్తుంది. అంటే సముద్రుడు వద్దన్నాడని లెక్క. ఒక్క చోట మాత్రం దొప్ప మెల్లగా, తిన్నగా లోపలికి పోయేది. అంటే పుచ్చుకున్నాడు. పుచ్చుకున్న చోటే స్నానం. పైగా అక్కడ కెరటం విరిగేది కాదు. రెండు పక్కలా తెల్లటి నురగ లేచి పడుతుంటే, మధ్యన ఆ ముక్క మాత్రం నున్నగా, కాస్త నల్లగా, కాలవలా ఉండేది. శివనాథ్ రేవుల్లో మునకలేసి అలవాటు పడ్డ జనానికి, అలజడి లేని నీళ్ళంటే భయం లేని నీళ్ళు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంతకంటే మంచి చోటు దొరకదని పార్థసారథిని మెచ్చుకునేవారు.

డెబ్బై అయిదో సంవత్సరం మాఘ పున్నమినాడు ఆ మంచి చోటనే గురునాథరావు పోయాడు.

అందరూ మోకాళ్ళ లోతులో చేతులు పట్టుకుని మునుగుతుంటే, అతనికి ఆ నీళ్ళు చాలలేదు. నాలుగు బారలు లోపలికి వేశాడు. వెనక్కి తిరిగేసరికి ఒడ్డు తను అనుకున్న దానికంటే దూరంగా ఉంది. తిన్నగా ఒడ్డుకేసి ఈదడం మొదలుపెట్టాడు. ఆ బారలు చూసి ఒడ్డు మీదివాళ్ళు ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. చేతులు ఆడుతూనే ఉన్నాయి, మనిషి ఉన్నచోటనే ఉన్నాడు. బాగా ఈదుతున్నాడనుకున్నారు. చప్పట్లు ఆగకముందే చేతులు ఆగిపోయాయి.

ఆ తర్వాత ఇంట్లో పెద్దలంతా కూర్చున్నారు. సముద్రుడికి మన ఇంటి మనిషి మీద ఆశ పుట్టింది, తీసుకున్నాడు అన్నారు. ఇక గురునాథరావు పిల్ల కాలు ఏనాడూ ఉప్పునీటిలో తడవదని పార్థసారథి అందరి ముందూ మొక్కేశాడు. ఆ పిల్ల మణిమాల. అప్పటికి బడిలో కొత్తగా చేరింది.

సూర్యావతి ఆ మొక్కుకి తలాడించలేదు. ఏడ్చింది, కర్మకాండ జరిపించింది, భర్త బదులు ఇచ్చిన ఉద్యోగంలో చేరింది. కానీ లోపల ఒకటే ప్రశ్న మెదులుతూ ఉంది. వరద ఏటిని దాటినవాడు, కనపడుతున్న ఒడ్డుకి ఎందుకు రాలేకపోయాడు? విధి అని ఎవరైనా అంటే, విధికి ఈత రాదా అని ఎదురడిగేది. ఆ ప్రశ్నతోపాటు ఒక పట్టుదల కూడా పుట్టింది. మణిమాల సముద్రంలో దిగాలి. దిగి, తన కాళ్ళ మీద తను బయటికి రావాలి. తండ్రి పోయింది సముద్రుడి ఆకలి వల్ల కాదని ఆ పిల్లకి తెలియాలి.

మరుసటి ఏడు శలవు పెట్టి, ఎవరితోనూ చెప్పకుండా, పిల్లని పుట్టింట్లో దింపి ఆ ఒడ్డుకి ఒక్కర్తే వెళ్ళింది. ఇసకలో కూర్చుని నీళ్ళు చూసింది. చూస్తుండగా ఒక జాలరి తన తెప్పని లాగి, సరిగ్గా ఆ నున్నటి చోటే నీళ్ళలో వదిలాడు. తెడ్డు రెండుసార్లు వేశాడో లేదో తెప్ప లోపలికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆ దారికి రాలేదు. చాలా పక్కకి పోయి, కెరటం విరిగే చోట నుంచి నురగతోపాటు వచ్చి ఇసకలో పడ్డాడు. ఆయన పేరు అప్పలసూరి. సూర్యావతి వెళ్ళి అడిగింది.

"అది సముద్రం ఎల్లే దారమ్మా," అన్నాడాయన. "కెరటాలు తెచ్చి పోసిన నీరంతా మళ్ళీ లోపలికి ఎల్లాలి కదేటి. ఆ గాడిలోంచి ఎల్తాది. పోయేటప్పుడు మాకు సుకం. ఆ దారినే వద్దామంటే ఎవడి వల్లా కాదు. పక్కకి తప్పుకోవాల. కెరటం ఇరిగే కాడికి ఎల్తే అదే తెచ్చి పడేస్తాది."

గురునాథరావు వెళ్ళే దారిన వెనక్కి రాబోయాడు. అంతే జరిగింది. బలం ఉన్నంతసేపూ నీటితో పెనుగులాడాడు. పెనుగులాడకుండా వెల్లకిలా తేలి ఉంటే, ఆ నీరు కొంత దూరం పోయాక దానంతటదే నీరసించి వదిలేసేదట. అప్పుడు ఒడ్డు వెంబడి పక్కకి ఈదుకుంటే సరిపోయేదట. ఇంత చిన్న సంగతి. సూర్యావతికి ఒళ్ళు మండిపోయింది. మరి ఆ రోజు మీరెవరూ చెప్పలేదేమని నిలదీసింది.

"మీరంతా మడి కట్టుకుని మంత్రాలు సదివించుకుంటన్నారు. మా తెప్పలూ మేమూ ఆ సాయలకి రాకూడదని ముందే తోలీసినారు," అన్నాడు అప్పలసూరి. "మమ్మల్ని అడిగినోళ్ళెవరు?"

భిలాయి తిరిగొచ్చి పార్థసారథికి ఈ సంగతంతా చెప్పింది. ఆయన విని, దుఃఖంలో ఆడమనిషి మతి ఇలాగే తిరుగుతుందని భార్యతో అన్నాడు. సూర్యావతి మళ్ళీ చెప్పలేదు. టౌన్‌షిప్పు ఈత కొలనుకి వెళ్ళి పేరు రాయించింది.

ఆ రోజుల్లో కొలనులోకి దిగే ఆడవాళ్ళంటే కాలేజీ పిల్లలే. ఈవిడ సల్వారు కమీజు కుట్టించుకుని, మణిమాల చెయ్యి పట్టుకుని వెళ్ళింది. గట్టు మీద కుర్రాళ్ళు నవ్వారు. మన తెలుగు కుటుంబాల్లో అయితే నెల రోజులు వేరే ముచ్చటే లేదు. మొగుణ్ణి మింగిన నీళ్ళలోకి పెళ్ళాం సరదాకి దిగుతోందన్నారు. ఆ మాట అన్న ఆవిడ ఇంటికే వెళ్ళి, ఆవిడ పిల్లల్ని కూడా పంపమని అడిగి వచ్చింది సూర్యావతి. కోచ్ ఒక బెంగాలీ పెద్దాయన, అందరికీ దాదా. ఏ స్ట్రోకు నేర్చుకుంటావు దీదీ అని అడిగితే, ఏ స్ట్రోకూ వద్దు, ముందు ఊరికే తేలడం నేర్పమంది. చేతులూ కాళ్ళూ ఆడించకుండా ఆకాశం చూస్తూ పడుకోవడం ఆవిడకి ఈతకంటే కష్టమైంది. భయం వేసినప్పుడు ఊరుకోవడమే అసలు విద్య అనేది తర్వాత్తర్వాత. అదీ వచ్చింది, ఈతా వచ్చింది. మణిమాల అయితే చేపపిల్లే అయింది. జిల్లా పోటీల్లో తండ్రిలాగే కప్పులు తెచ్చింది. ఈసారి వాటిలో మెంతులు పొయ్యలేదు.

ఎనభై నాలుగులో మణిమాల పెద్ద తరగతికి వచ్చింది. తెలుగు కంటే హిందీ గడగడా మాట్లాడేది. ఆ ఏడు మాఘ పున్నమి యాత్రకి సూర్యావతి ఇద్దరి పేర్లూ చెప్పడానికి భిలాయి-3 వెళ్ళింది. పార్థసారథి వాకిట్లో వాలుకుర్చీలో ఉన్నాడు. రమ్మన్నాడు, కాఫీ ఇప్పించాడు, యాత్రకి కాదనలేదు. ఒడ్డున సామాన్ల దగ్గర కూర్చోమన్నాడు.

"పిల్ల కాలు మాత్రం తడవకూడదమ్మా. మొక్కు మొక్కీసినాను."

"మొక్కింది మీరు బావగారూ. కాలు దానిది."

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. "తొట్టిలో ఈత నేర్చుకుని సముద్రానికి పాఠం చెప్తావేటి?"

"సముద్రానికెందుకు? మీకు చెప్తాను," అని గ్లాసు కింద పెట్టి లేచింది.

పున్నమినాడు తెల్లవారాక అందరూ ఒడ్డుకి చేరారు. పార్థసారథి పట్టుపంచె కట్టుకుని ఆకుదొప్ప వదిలాడు. అది ఎప్పటిలాగే నున్నటి చోటనుంచి లోపలికి సాగిపోయింది. పుచ్చుకున్నాడు, పుచ్చుకున్నాడు అని జనం చేతులు జోడించారు. ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని కదలబోతే సూర్యావతి వచ్చి వాళ్ళకీ నీళ్ళకీ మధ్య నిలబడింది. చేతిలో రెండు దొప్పలున్నాయి. ఒకటి అక్కడే వదిలింది. రెండోది తీసుకుని పక్కకి నడిచి, కెరటం విరిగే చోట వదిలింది. మొదటిది కనుచూపు దాటేదాకా వెళ్ళింది. రెండోది పల్టీలు కొట్టి, పూలన్నీ చెదిరి, ఆవిడ కాళ్ళ దగ్గరికే వచ్చింది.

"అది పుచ్చుకునే చోటు," అంది అందరికీ వినపడేలా. "ఇది తిరిగిచ్చే చోటు. పువ్వులు ఎక్కడ వదుల్తారో మీ ఇష్టం. మనుషులు దిగవలసింది తిరిగిచ్చే చోటే."

నలుగురు ఆడవాళ్ళు ఆగిపోయారు. పార్థసారథికి అది తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళుగా తను చూపించిన చోటు. తమ్ముడి భార్య, అందులోనూ శుభకార్యానికి ముందుండకూడని మనిషి, పదిమంది ముందూ తప్పంటోంది. ఆవిణ్ణి తప్పుకుని ఆయనే కొబ్బరికాయ పట్టుకుని దిగాడు. మోకాళ్ళు దాటాడు, నడుము దాటాడు. వెనక్కి తిరిగి, చూశారా అన్నట్టు చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి మళ్ళీ దించేసరికి కాళ్ళ కింద ఇసక లేదు.

ఆయనకీ చిన్నప్పటి ఏటి ఈత వచ్చు. తమ్ముడు చేసినదే ఆయనా చేశాడు. తిన్నగా ఒడ్డుకేసి చేతులు వేశాడు. ఉన్నచోటనే ఉన్నాడు. ఈసారి చప్పట్లు కొట్టినవారు లేరు. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి పరిగెత్తబోతే సూర్యావతి చేతులు బారజాపి అడ్డం నిలబడి, ఒక్కడు దిగినా రేపు రెండు శవాలకి దహనం అంది. ఆ మాట వాళ్ళని ఆపింది కానీ, పక్కనుంచి మణిమాల పమిట నడుముకి చుట్టి ముందుకొచ్చేసింది.

"అమ్మా, నేను వెళ్తాను. మై జా సక్తీ హూ."

సూర్యావతి కూతురి జడ పట్టుకుని లాగింది.

"ఈత వచ్చినోళ్ళే ముందు పోతారు. మీ నాన్నకి రాదేటి?" అంది. ఆ గొంతులో కోపం తప్ప మరొకటి లేదు. "పేటలోకి పరిగెట్టు. అప్పలసూరి తెప్ప తెమ్మను."

పిల్ల పరిగెత్తింది. సూర్యావతి సామాన్ల దగ్గర ఉన్న ప్లాస్టిక్ మంచినీళ్ళ డబ్బా తీసి, నీళ్ళు ఒంపేసి, మూత బిగించింది. చీర మోకాళ్ళ దాకా తడిసే చోట ఆగి, డబ్బాని ఆ నున్నటి నీళ్ళలోకి విసిరింది. పువ్వుల్ని తీసుకుపోయిన నీరే దాన్నీ తీసుకుపోయింది. పార్థసారథి నీటికి ఎదురీదుతూ ఉన్నచోటనే ఉన్నాడు కాబట్టి డబ్బా తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళింది. రెండు చేతులా వాటేసుకున్నాడు.

"బావగారూ, ఈదకండి. తేలండి. ఊరికే తేలండి."

కెరటాల హోరులో వినపడిందో లేదో. ఆవిడ ఒడ్డు మీద రెండు చేతులూ చాపి, తల వెనక్కి వాల్చి, ఎలా ఉండాలో చూపించింది. పట్టుకుంటే చాలు, ఏమీ చెయ్యొద్దని చేత్తో సైగ చేసింది. చివరికి ఆయన కాళ్ళు కొట్టుకోవడం ఆపాడు. నీరు ఆయన్ని ఇంకా దూరం తీసుకుపోయింది. ఒడ్డున ఆయన భార్య కూలబడిపోయింది. సూర్యావతి మాత్రం చూపు తిప్పలేదు. కెరటాలు విరిగే వరస దాటాక ఆ నీటికి జోరు తగ్గింది. తెల్లటి డబ్బా, దాని పక్కన నల్లటి తల, ఒకచోట నిలిచి ఊగుతున్నాయి.

అప్పలసూరి తెప్ప ఆ దారినే వెళ్ళింది. ఆయన్ని పైకి లాక్కుని, దూరంగా చుట్టు తిరిగి, నురగ విరిగే చోట నుంచి కెరటంతోపాటు వచ్చి ఇసకలో పడింది. మడి గురించి ఎవరూ ఏమీ అనలేదు. జాలర్లు ఆయన్ని బోర్లించి నీళ్ళు కక్కించారు. భార్య వచ్చి తుండుగుడ్డ కప్పింది. పార్థసారథి కళ్ళు తెరిచి, ఊపిరి కుదుటపడ్డాక అన్న మొదటి మాట ఇది:

"మొక్కు తప్పలేదు గనక సముద్రుడు వదిలీసినాడు."

చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నిజమే నిజమే అన్నారు. సూర్యావతి ఆ డబ్బా ఆయన పక్కన పెట్టింది. వాదించడానికి బోలెడు ఉంది. ఇన్నేళ్ళ వాదన ఉంది. కానీ తను వచ్చిన పని ఆయన్ని ఒప్పించడం కాదు. కూతురి చెయ్యి పట్టుకుని, తెప్ప వచ్చి పడ్డ వైపు నడిచింది.

"సూర్యావతమ్మా," అన్నాడు పార్థసారథి. "పిల్లని దింపకు. నా మాట కాదంటే ఇక నా గుమ్మం తొక్కకు."

ఆవిడ ఏదో అనేలోపే మణిమాల వెనక్కి తిరిగింది. "పెదనాన్నా, మీరు ఒడ్డుకొచ్చిన చోటే దిగుతున్నాం," అంది. "భిలాయి-3 రావద్దంటే రాము."

ఇద్దరూ దిగారు. నడుము లోతు దాటలేదు. సముద్రానికి వీపు పెట్టలేదు. వచ్చే కెరటాన్ని చూస్తూ నిలబడ్డారు. కెరటం లాగుతున్నప్పుడు పాదాల కింద ఇసక ఎటు జారుతోందో చూసుకోమని తల్లి చెప్పింది. మొదటి మునక పోయినవాళ్ళ పేరున వెయ్యడం ఆచారం. సూర్యావతి మాత్రం తన పేరే చెప్పి మునిగింది. రెండోది కూతురి పేరున. మూడోదానికి ఎవరి పేరూ చెప్పలేదు. లేచేసరికి జుట్టు విడిపోయి మొహమంతా కమ్మింది.

ఒడ్డు మీద ఇందాక ఆగిపోయిన ఆడవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. రండి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని రండి అని సూర్యావతి కేకేసింది. మొదట ఒకావిడ వచ్చింది, తర్వాత ఇంకో ఇద్దరు. మిగతావాళ్ళు పార్థసారథి మొహం వైపు చూస్తూ ఉండిపోయారు.

ఇంతలో పెద్ద కెరటం ఒకటి విరిగింది. మణిమాల కాళ్ళు తేలిపోయాయి. నురగలో ఒకసారి చెయ్యి, ఒకసారి జడ కనపడ్డాయి. ఒడ్డున ఎవరో కెవ్వుమన్నారు. సూర్యావతి కదలలేదు. కెరటం వెనక్కి తగ్గాక పిల్ల ఇసకలో చతికిలబడి, ముక్కులో ఉప్పునీళ్ళు చీదుతూ, కిందా మీదా పడి లేచి నిలబడుతోంది.

"తెచ్చి పడేసింది చూసేవా," అంది సూర్యావతి.

మణిమాల పమిట పిండుకుని మళ్ళీ లోపలికి నడిచింది.